ఎబ్బీ ఖాళీగా వదిలిన అరనిమిషం

అన్న నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఇది రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలే అనుకుంటున్నాను, ఎందుకంటే వేదిక మీద ఆ పాత ఆకుపచ్చ తెర ఉంది, గోడ వారగా మడతపెట్టిన ఇనుప కుర్చీలున్నాయి, కానీ కింద నేల కదులుతోంది, బండి స్టేషను వదిలి ఇంకా వేగం అందుకోనప్పటిలా మెల్లగా, ఆగి ఆగి, కిటికీల బయట మెట్టుగూడ క్వార్టర్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. అన్న చనిపోయాడని నాకు తెలుసు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎప్పుడు పోతావని అడగకూడనట్టే ఆ మాట కూడా పైకి అనకూడదని తోచి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటాను.

"ఇయ్యాల తేల్చేద్దాం హెప్సీ," అంటాడు ప్రభుదాస్ అన్న. "ఎబ్బీ పాటల్ల ఏ కాలం గొప్పది? అది తేలకుండ నేను దిగ."

ఇరవై ఏళ్లు ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక, మాంసం ఉడికేలోపు, మేమిద్దరం పోట్లాడుకున్న సంగతే అది. అయినా నేను కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటాను. ఈ వాదన ఎటు పోతుందో, పోయి పోయి ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు, అక్కడిదాకా రానివ్వకూడదని బతికున్నన్నాళ్లూ ఆయన్ని దారి మళ్లిస్తూనే వచ్చాను.

ఎబ్బీ అంటే ఎబినేజర్ రత్నం. మా వీధి చివరి క్వార్టర్లో పుట్టి, అన్నతోపాటే గిటారు పట్టి, నలభై ఏళ్లుగా తెలుగులో రాక్ పాటలు పాడుతూనే ఉన్న మనిషి. ఆయన పాటలు మూడు కాలాలు. మొదటిది 'లోకో షెడ్' అనే బ్యాండు కాలం. ఎబ్బీ పాడేవాడు, అన్న లీడ్ గిటారు వాయించేవాడు, నాన్న స్నేహితుడొకాయన పాత వైర్‌లెస్ సెట్టు విప్పి చేసిచ్చిన యాంప్లిఫయరులోంచి ఆ శబ్దం వస్తుంటే మా అమ్మ పప్పు డబ్బాలు అల్మరాలో గణగణలాడేవి. రెండోది ఎబ్బీ అన్నను వదిలేసి, కీబోర్డులు పెట్టుకుని, తెల్లసూటు వేసుకుని పెద్ద హోటళ్లలో, టీవీల్లో పాడిన కాలం. మూడోది గొంతుకు ఆపరేషను అయ్యాక వచ్చింది, స్వరం సగం పోయి, బొంగురుపడి, ఒక స్టూలు, ఒక గిటారు తప్ప పక్కన ఏమీ లేకుండా పాడుతున్న కాలం.

నేను మొదటిదే అంటాను, ఎప్పుడూ అన్నట్టే. టీచరు ఉద్యోగం చేస్తూ ఒక వారపత్రికలో సంగీతం మీద పదకొండేళ్లు కాలమ్ రాశాను, అందులో కూడా అదే రాశాను, లోకో షెడ్ తర్వాత ఎబ్బీ దగ్గర గొంతు ఉంది కానీ పాట లేదని. ఆ వాక్యం ఇప్పుడు హాలు గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంది, నా దస్తూరీలోనే. అన్న దాన్ని చదువుతున్నాడు. ఆయన జుట్టు భుజాల దాకా ఉంది, పాతికేళ్ల వాడు, మళ్లీ నావైపు తిరిగేసరికి అరవై దాటిన వాడు, పార్సిల్ ఆఫీసు గుమాస్తాగా రిటైరై, కళ్లజోడు దారంతో మెడకు కట్టుకున్న మా అన్న.

"గా మొదటి కాలంల మాకు ఆపుడు రాదు," అంటాడు. "ఊరికనే వాయించుడే. ఎవని చెయ్యి ఖాళీగ ఉంటే వాడు వాయించుడు. నేనైతె మరీ ఘోరం."

అది నిజం కాదని, ఆ వాయింపు కోసమే ఖాజీపేట నుంచి కుర్రాళ్లు బండెక్కి వచ్చేవాళ్లని చెప్తాను. గొంతు పెద్దదవుతోంది నాకు. అన్న మాత్రం నెమ్మదిగానే, తన చేతి వేళ్లను చూసుకుంటూ, మూడో కాలమే గొప్పదంటాడు, అందులోనూ 'రెండో ప్లాట్‌ఫారం' అన్న పాట, ఆ పాటలోనూ రెండో చరణం అయ్యాక వచ్చే ఆ అరనిమిషం.

నేను లేచి నిలబడతాను. హాలు గోడలు తెల్లటి పలకలయ్యాయి, డెటాల్ వాసన వస్తోంది, కుర్చీల వరుస ఆస్పత్రి బెంచీ అయింది. బయట క్వార్టర్లు అయిపోయి ఏమీ లేని మైదానం పోతోంది. బండి వేగం అందుకుంది. టీ తెస్తానంటాను, తలుపు ఎటుందో వెతుకుతాను, తలుపు ఉండాల్సిన చోట మా ఇంటి టెలిఫోను స్టాండు ఉంది, దాని మీద అమ్మ అల్లిన గుడ్డ.

"కూసో," అంటాడు అన్న. "గప్పుడు గూడ గిట్లనే లేచిపొయ్యేదానివి. గా పాట పెట్టంగనే వంటింట్లకు పొయ్యేదానివి. ఎందుకు?"

కూర్చుంటాను. కూర్చోక తప్పదు.

ఆ అరనిమిషం సంగతి తెలిసినవాళ్లకు బాగా తెలుసు. రెండో చరణం అయ్యాక ఎబ్బీ పాడడు. ఇంకో వాయిద్యం ఏదైనా వస్తుందనిపిస్తుంది, రాదు. కింది తీగ మీద ఆయన బొటనవేలు మాత్రం ఒకే దెబ్బ, ఒకే దూరంలో, ఎవరికోసమో గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి కాలు నేలకు తాటించినట్టు వేస్తూ ఉంటుంది. తర్వాత మూడో చరణం మొదలవుతుంది. ఆ ఖాళీని మెచ్చుకోని వాళ్లు లేరు. ఏళ్ల తరబడి సాధన అని రాశారు, మౌనం అని రాశారు. అన్న అయితే ప్రతి ఆదివారం ఆ చోటుకు రాగానే చెయ్యి పైకెత్తి నన్ను మాట్లాడొద్దనేవాడు, అయ్యాక, చూసినవా, నేను అక్కడ ఉంటే ఖరాబు చేస్తుంటి, వాడు నేర్చుకున్నడు, అనేవాడు. ఆ మాట వినలేక నేను అది మౌనం కాదని, అసంపూర్తి పని అని, పాట పూర్తిచేయడం చేతకాక వదిలేశాడని గొడవపడేదాన్ని. ఒకసారి రెండు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు కూడా.

"అసంపూర్తి అన్నవ్ నువ్వు," అంటాడు అన్న. ముందుకు వంగి నా ముఖంలోకి చూస్తున్నాడు. "లోకమంత ఒక మాటంటె నువ్వొక్కదానివి గా మాటన్నవ్. నీకెట్ల తెలిసింది?"

ఇక దారి లేదు. బండికి ముందు సొరంగం ఉందని చూడకుండానే తెలుస్తోంది, మైదానంలో సొరంగం ఎలా ఉంటుందో తెలియదు కానీ ఉంది, దాంట్లోకి పోయాక ఆయన ముఖం కనబడదు, కనబడకపోతే నేను చెప్పలేను. ఆస్పత్రిలో చివరి సాయంత్రం కూడా ఇలాగే చెప్పబోయాను. నర్సు వచ్చి, మాట్లాడించొద్దమ్మా, అంది. నేను ఎంత తేలిగ్గా ఆగిపోయానో నాకే తెలుసు.

"ఫోనొచ్చింది అన్నా," అంటాను. "ఎబ్బీ చేసిండు. నేను నీకు చెప్పలే."

అన్న మెడలో వేలాడుతున్న కళ్లజోడు తీసి పెట్టుకుంటాడు.

చెప్తూ పోతాను. అది జూన్ నెల, నువ్వు కరెంటు బిల్లు కట్టడానికి పోయావు, ఫోను మోగితే ఎత్తాను, అవతల గొంతు అంత బొంగురుగా ఉంటే రాంగ్ నంబరనుకున్నాను. ఇరవై రెండేళ్ల తర్వాత ఎబ్బీ మన ఇంటికి ఫోను చేశాడు. నిన్ను బ్యాండులోంచి తీసేసినప్పుడు మొహం చూపించలేక డ్రమ్మరుతో కబురు పంపినవాడు, చర్చిలో మనం ఎడమవైపు కూర్చుంటే కుడివైపుకు పోయినవాడు, నన్ను హెప్సీ అని పిలిచి, బాగున్నావా అని అడిగి...

"గదంత కాదు," అంటాడు అన్న. "వాడేమన్నడో చెప్పు. వాడన్న మాటలే చెప్పు."

నాకు ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

"'ఒక పాటల ప్రభుకు జాగ ఉంచిన. వాడొచ్చి వాయిస్తెనే నింపుత, వేరేటోన్ని పెట్ట. బేస్తారం దాక చూస్త. రాకుంటె అట్లనే ఇడుస్త.' గంతే అన్నడు. నేను సరే, చెప్త, అని పెట్టేసిన."

బేస్తవారం అంటే ఇంకా మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఏం చేశానో కూడా చెప్తాను, ఆయన అడగకపోయినా. బిల్లు కట్టి వచ్చిన నీకు మజ్జిగ ఇచ్చాను. మంగళవారం చెప్దామనుకుని రోజంతా సప్లిమెంటరీ పరీక్ష పేపర్లు దిద్దాను. బుధవారం రాత్రి నీ గదిలోకి వచ్చి నిలబడితే, ఏంది, అన్నావు, దోమల చుట్ట కావాలని తీసుకుపోయాను. బేస్తవారం నువ్వు గోడ గడియారం విప్పి టేబుల్ మీద పరిచి నూనె వేస్తున్నావు, దాంతో నాకు టైము ఎంతైందో తెలియలేదు, నీడను బట్టి చూసుకుంటూ పొద్దు గుంకేదాకా వంటింట్లో కూర్చున్నాను.

నేల ఊగడం ఆగిపోయింది. బండి ఎక్కడో నిలిచింది, ప్లాట్‌ఫారం లేదు, బోర్డు లేదు. అన్న ఒళ్లో ఇప్పుడు గిటారు ఉంది, దుప్పటిలో చుట్టి, ఎనిమిదేళ్లు అల్మరా మీద పెట్టిన ఆ గిటారు. ఆయన దుప్పటి విప్పడు. దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, బరువైన పసివాణ్ని పట్టుకున్నట్టు కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పలే?"

నీకోసమే, అంటాను. వాళ్లు నిన్ను వద్దన్నాక నువ్వు నాలుగు నెలలు గది దాటలేదు, అమ్మ కంచం తలుపు దగ్గర పెట్టి, తిన్నావో లేదో చూడటానికి గంటకోసారి వచ్చి పోయేది, ఎనిమిదేళ్లు ఆ గిటారు ముట్టుకోలేదు, రేడియోలో ఎబ్బీ పాట వస్తే ఆపేసి బయటికి నడిచేవాడివి. మళ్లీ పిలవగానే పోయి, మళ్లీ వాళ్లు చాల్లే పో అంటే, ఈసారి కంచం పెట్టడానికి అమ్మ కూడా లేదు. అందుకని చెప్పలేదంటాను. ఇదంతా నిజమే. నిజమే కానీ ఆయన వింటున్న తీరు చూస్తే చాలడం లేదని తెలుస్తోంది.

"ఇంకేంది?"

ఇంకా ఉంది. ఆ కాలమ్‌లో పదకొండేళ్లు రాసింది ఉంది. మా అన్న లేని ఎబ్బీ ఎందుకూ కొరగాడని ఊరంతటికీ చెప్పి చెప్పి, నా కోపాన్నే నా ఇల్లు చేసుకున్నాను, నువ్వు పోయి ఆయన పక్కన కూర్చుని నవ్వుతూ వాయిస్తే నేను ఉండటానికి చోటుండదు. ఇది నేను ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు, ఇప్పుడు ఈ ఆగిన బండిలో నోట్లోంచి దానంతటదే వస్తోంది.

"అయితె నీకు మొదటి కాలం ఇష్టమన్నది?"

"అది నీకోసం అన్న మాట."

"మరి నీకేది ఇష్టం?"

అబద్ధమాడే ఓపిక లేదు. రెండోది, అంటాను. పెళ్లయిన కొత్తల్లో మా ఆయన డ్యూటీకి పోయాక తలుపేసుకుని, ఆ కీబోర్డు పాటలు పెట్టుకుని, ఒక్కదాన్నే గదంతా డ్యాన్సు చేసేదాన్ని. క్యాసెట్లు ఇప్పటికీ కుట్టుమిషను పెట్టెలో ఉన్నాయి.

"తెల్లసూటుదా," అంటాడు అన్న.

"తెల్లసూటుదే."

ఆయన ముఖంలో ఏదో మెదిలింది. నవ్వు రాబోతున్నప్పుడు పై పెదవి కుడిపక్కకు లాగుతుంది ఆయనకు, అలా లాగింది. అంతా అయిపోయిందనుకున్నాను, చిన్నప్పుడు ఆయన సైకిలు నేను గోడకు గుద్ది వంచినప్పటిలా, తిట్టి, చెవి మెలేసి, ఇక వదిలేస్తాడని.

"నేను పోయేటోన్ని హెప్సీ," అంటాడు.

నవ్వు లేదు. కోపమూ లేదు, ఉన్నా బాగుండేది.

"నీకు తెల్వది. నేను పోయేటోన్ని. బేస్తారం దాక గూడ ఆగకపోదును. గా కరెంటు బిల్లు రసీదు చేతుల్నే ఉండంగ, చెప్పులు ఇడువకుంటనే మళ్ల బస్సెక్కేటోన్ని. వాయించుడు రాకపోయినా పోయేటోన్ని."

క్షమించమనే మాట నోట్లో ఉంది కానీ ఇంత పెద్ద హాల్లో అది వినిపించేట్టు లేదు. ఆయన దుప్పటి ముడి మీద వేలు తిప్పుతున్నాడు.

"నేను రానంటినని అనుకున్నడా వాడు?"

"అట్లనే అనుకున్నడు."

"నేను సచ్చేదాక?"

"నీ సమాధి కాడికి గూడ వచ్చిండు. దూరంగ గేటు దగ్గర నిలవడ్డడు. నేను చూసిన. వాడూ నన్ను చూసిండు. దగ్గరికి రాలే, నేను రమ్మనలే. నువ్వు క్షమించకుంటనే పోయినవనుకుని పోయిండు."

ఇది చెప్పేటప్పుడు అన్న కళ్లు మూసుకున్నాడు. నేను చేసింది ఆయన ఒక్కడికే చేశాననుకుంటూ వచ్చాను, ఏడేళ్లు ఒక మనిషి తన పాటలో ఖాళీ పెట్టుకుని, ఊరూరా స్టూలు మీద కూర్చుని ఆ ఖాళీని మళ్లీ మళ్లీ వాయిస్తూ, రాని వాడి కోసం బొటనవేలితో తాళం వేస్తూ తిరిగాడని, అన్న పోయాక కూడా వేస్తూనే ఉన్నాడని, ఆయన మూసిన కళ్లు చూశాకే నాకు తెలుస్తోంది.

"ఉన్నడా వాడు?"

"ఉన్నడు. అల్వాల్‌ల ఉంటున్నడు. నడుస్తలేడట, మోకాళ్లు."

"ఉన్నడా," అంటాడు మళ్లీ. కళ్లు తెరిచి నన్ను చూస్తాడు, ఇంత సేపూ ఎదురుగా ఉన్నా ఇప్పుడే కనబడినట్టు. "ఉంటె గిదంత నాకెందుకు చెప్తున్నవ్? నేనేం జేస్త దీన్ని?"

బండి కదిలింది. ఈసారి నేనున్న పెట్టె కాదు, ఆయనున్నది. మా ఇద్దరి కుర్చీల మధ్య నేల విడిపోయి, కింద పట్టాలు, కంకర, నూనె మరకలు కనబడుతున్నాయి. నేను చెయ్యి చాపుతాను, ఆయన రెండు చేతులూ గిటారు మీదే ఉన్నాయి, ఎత్తడు. అన్నా, అంటాను. మూడో కాలమే గొప్పది, నువ్వన్నదే, ఒప్పుకున్నా, అంటాను. వాదన తేలకుండా దిగనన్నాడు కదా, తేలిందంటే దిగుతాడేమోనని. ఆయన తల అడ్డంగా ఊపుతాడు, ఒప్పుకోవద్దనో, వినబడటం లేదనో. నేను అరుస్తున్నాను. ఏం అరుస్తున్నానో నాకే తెలియడం లేదు, చప్పుడులో నా గొంతు నాకు చేరేలోపే వెనక్కి పోతోంది, అన్న ఎంత దూరమైనా చిన్నవాడు కావడం లేదు, అంతే ఉండి, అంతే స్పష్టంగా ఉండి, లేకుండా పోతున్నాడు.

కళ్లు తెరిచేసరికి మధ్యాహ్నం మూడవుతోంది. సోఫాలోనే నిద్రపోయాను, మెడ పట్టేసింది, గొంతు ఎండి గరగరలాడుతోంది. కిటికీ కర్టెను అంచు ఎండకు తెల్లగా మెరుస్తోంది. లేచి నీళ్లు తాగబోతుంటే తలుపు చప్పుడైంది.

పై పోర్షనులో కొత్తగా దిగిన పద్మజ. ఆరేసిన బట్టలు తీసుకుని దిగుతున్నట్టుంది, భుజం మీద తువ్వాళ్లున్నాయి. నా గురించి ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. లోపలికి తొంగిచూసి, చూసినందుకు మొహమాటపడి, మాట నానుస్తూ నిలబడింది.

"చుట్టాలొచ్చినట్టున్నరు మేడం. శానా సేపటి సంది పెద్దగ మాట్లాడుతున్నరు, పైకి ఇనవడ్డది. అన్నా అన్నా అంటున్నరు. పాలున్నయి, ఇద్దరికి టీ పెట్టుకరానా?"

నేను సోఫా వైపు చూశాను. ఎదురుగా ఉన్న కుర్చీ వైపు చూశాను.

"వద్దమ్మా. వెళ్లిపోయిండు," అన్నాను. తలుపు చెక్క పట్టుకుని చెప్పులు వేసుకున్నాను. "నేను గూడ అల్వాల్ దాక పోవాలె. ఇక్కడినుంచి బస్సు ఎన్ని గంటలకో నీకేమన్న తెలుసా?"